పూసలు లేని గౌను

"ఈసారి పోటీలో గల్ఫ్ డ్యాన్సు చేస్తున్నాం అక్కా" అంది టీచర్, కుట్టు గది గుమ్మంలో నిలబడి.

పూసలక్క మిషన్ ఆపింది. ఆపడానికి కూడా ఓపిక లేనట్టు ఆపింది.

"అంటే మళ్లీ గౌన్లేనా?"

"గౌన్లే."

ఆ బెల్లీ డ్యాన్స్ బడిలో ఇరవై రెండేళ్లుగా దుస్తులు కుట్టేది పూసలక్కే. అసలు పేరు ఎవరూ అడగరు, ఆవిడా చెప్పదు. ఏ దేశపు డ్యాన్సుకి ఏ బట్టలో ఆవిడని అడిగాకే టీచరైనా అడుగు వేసేది. చాకిరీ కూడా అలాంటిదే. మెడ పట్టేసింది, నడుం ఒంగింది, మోకాళ్ల సంగతి అడక్కపోవడమే మంచిది. ఈ మధ్య కుట్టు గదిలో బల్బు కూడా సరిగా వెలగదు. మూడుసార్లు మార్పించింది. మూడూ నాసిరకం సరుకే.

కిందటేడు ఈజిప్టు డ్యాన్సు వేశారు. బిగుతు రవిక, నడుముకి పట్టీ, రెండింటి నిండా వేలకొద్దీ పూసలు. పూసలక్క కుట్టి ఇచ్చిన పట్టీలన్నీ టీచర్ ఇస్త్రీ చేయిస్తానని ఇంటికి పట్టుకెళ్లి, వారానికి తెచ్చింది. పూసల పట్టీని ఎవరైనా ఇస్త్రీ చేయిస్తారా, ఖర్మ కాకపోతే!

ఆ తర్వాత టర్కీ పద్ధతి అన్నారు. పూసలొద్దు, పెద్ద పెద్ద బిళ్లలు చాలంది టీచర్. ఆ తర్వాత చేతికర్ర తిప్పే డ్యాన్సు. దానికి నిలువు గౌను, నడుముకి ఓ గుడ్డ కడితే సరి. ఇప్పుడు గల్ఫ్. జరీ పని చేసిన గుడ్డే బజారులో దొరుకుతుంది, వదులుగా రెండు పక్కలా కుట్టేస్తే గౌను.

ఇంట్లో కూర్చోమని కూతురు పోరుతూనే ఉంది. కూర్చుంటే మళ్లీ లేవనని పూసలక్క భయం.

"పొమ్మనలేక పొగబెడుతున్నావు కదూ?"

"అదేం మాటక్కా!"

"మరేంటమ్మా? రెండు కుట్లకి నేనెందుకు? వీధి చివర ఎవరినడిగినా వేసిస్తారు."

"గల్ఫ్ గౌను ఎంత పొడుగుండాలో వాళ్లకేం తెలుసు? జుట్టు విసిరేటప్పుడు గౌను ముందు భాగం చేత్తో పట్టుకోవాలని నువ్వు చెబితేగా నాకే తెలిసింది!"

"మునగచెట్టు ఎక్కించకు. దిగే ఓపిక లేదు."

మూల కూర్చుని సూదులకి దారాలు ఎక్కిస్తున్న పెద్ద శిష్యురాలు కిసుక్కున నవ్వింది. ఈ గదిలోకి ఎవరొచ్చినా పూసలక్క ముందుగా ఆ పనే అప్పగిస్తుంది. ఊరికే కూర్చుంటే ఒళ్లు మండుతుందట.

"ఈ పోటీ కాగానే మానేస్తా" అంది పూసలక్క. "ఇరవై రెండేళ్లు చాలు. అవసరం తీరాక చూరు పట్టుకుని వేలాడే రకం కాదు నేను."

టీచర్ వచ్చి ఆవిడ పక్కన నేల మీదే కూర్చుంది.

"నువ్వు మానేస్తే నేను బడికి తాళం వేస్తానక్కా. ఒట్టు. ఇంకొక్క ఏడాది ఉండు."

"వచ్చే ఏడాది ఏం కుట్టిస్తావు? దుప్పట్లా?"

"దుప్పట్లు కప్పుకుని ఆడే దేశమేదైనా ఉంటే నువ్వే చెప్పు, అదే ఆడతాం."

పూసలక్క నవ్వు ఆపుకోలేకపోయింది. అలిసిపోయిన నవ్వు అయినా నవ్వే.

"సరేలే, లే. చీర నలుగుతుంది. గుడ్డ రేపు పంపించు."

టీచర్ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. వెనకే వచ్చిన పెద్ద శిష్యురాలు ఇక ఆగలేకపోయింది.

"టీచర్, మనం ప్రాణం పెట్టి నేర్చుకున్నది ఈజిప్టు డ్యాన్సు. ఆ గౌనులో నడుం తిప్పినా ఎవరికి కనబడుతుంది? పోయినసారీ ఓడిపోయాం, ఈసారీ ఓడిపోతాం. ఎందుకింత పట్టుదల మీకు?"

లోపల మిషన్ చప్పుడు మొదలయ్యేదాకా ఆగి, టీచర్ గొంతు తగ్గించి అంది: "పూసలక్కకి పూస కనబడటం మానేసి ఏడాదైంది, అది నాకు తెలుసని తెలిసిన రోజున ఆవిడ ఇక ఈ గుమ్మం తొక్కదు."