గుమ్మడి వడియాలకు ఒక గది

ఏడాదిలో సగం ఓడల మీదే కాపురాలు చేసే రోజులవి. విశాఖ రేవులో ఓడ గది ఎంచుకోవడానికి వచ్చిన పైడమ్మకు గదులిచ్చే యంత్రం బాల్కనీలు చూపించింది. అన్నీ గోడ మీద కదిలే బొమ్మలే. ఏ సముద్రం కావాలంటే ఆ సముద్రం, ఏ వేళ కావాలంటే ఆ వేళ. భర్త సన్యాసిరావు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పైడమ్మ మాత్రం గోడ మీది సూర్యుడికి అరచెయ్యి ఆనించి పెదవి విరిచింది.

"ఈ ఎండకి వడియాలు ఎండుతాయేటి? డబ్బాడు పిండి రుబ్బి తెచ్చాను. ఇయాళ పెట్టకపోతే పులిసిపోద్ది."

యంత్రం తటపటాయించింది. "నిజం బాల్కనీ ఒక్కటే ఉందండి. మూడేళ్ళుగా ఎవరూ తీసుకోలేదు. గాలి, ఎండ, పక్షులు... ఏదీ మా చేతిలో ఉండదు."

"అదే ఇయ్యి బాబూ!"

ఓడ కదిలేసరికి ఆ బాల్కనీలో పాత చీర మీద గుమ్మడి వడియాలు బారులు తీరాయి. పైడమ్మ కర్ర ఇచ్చి కాపలా పెడితే, సన్యాసిరావు గోడ మీది సముద్రం పోయిందని ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. అంతలో ఒక తెల్లటి పిట్ట చీర మీద వాలి, అటూ ఇటూ చూసి, వడియాన్ని ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

సన్యాసిరావు కర్ర వదిలేసి చప్పట్లు కొట్టాడు.

"పైడీ, బేగి రా! నిజం పిట్టే! నిజంగా ఎత్తుకుపోయింది! ఇంకో నాలుగు ఇటు పెట్టవే!"