తూకం గౌను

ఇంకొక్క ఆరువందల గ్రాములు తగ్గితే పంతులమ్మ వెళ్లిపోతుంది.

బరువు తగ్గించే ఆ సెంటర్లో రూలు అదే. అనుకున్న బరువుకి దిగినవాళ్లకి చప్పట్లు కొట్టి, ఫొటో తీసి, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపించేస్తారు. మర్నాటి నుంచి సెంటరు వ్యాను వాళ్ల గుమ్మం ముందు ఆగదు. పంతులమ్మ ఉండేదేమో ఊరికి ఆ చివర, కూతురి దగ్గర. మోకాళ్ల నొప్పుల మనిషిని కూతురు ఒంటరిగా బస్సెక్కనివ్వదు. వ్యాను లేకపోతే బుధవారం లేదు. బుధవారమే లేకపోతే మిగతా ఆరు రోజులూ ఎందుకొస్తాయో కర్టెన్లమ్మకి తెలియదు.

ఆవిడ కర్టెన్లు కుట్టే మనిషి. పంతులమ్మ రిటైరైన లెక్కల టీచరు. ఏ చుట్టరికమూ లేకపోయినా మొదటి వారమే ‘వదినా’ అంటే ‘వదినా’ అనుకున్నారు. బరువు తగ్గడం మాట ఎలా ఉన్నా, వారమంతా దాచుకున్న కబుర్లు మాత్రం బుధవారం మధ్యాహ్నానికి దించేసుకునేవారు.

సెంటర్లో ఇంకో రూలు కూడా ఉంది. ఒకవారం ముతక బట్టలు, ఇంకోవారం పల్చటి బట్టలు వేసుకొస్తే తూకం తేడా వస్తుందని, మనిషికో గౌను కుట్టించి పెట్టారు. ఎప్పుడు తూగినా అదే వేసుకుని తూగాలి. ఆ గౌన్లు కుట్టింది కర్టెన్లమ్మే. ఉతికి తెచ్చి కొక్కేలకి తగిలించేదీ ఆవిడే.

కర్టెను తిన్నగా వేలాడాలంటే అంచు మడతలో చిన్న చిన్న సీసం బిళ్లలు పెట్టి కుడతారు. ఒక్కోటి యాభై గ్రాములు. ఆరువారాల కిందట, పంతులమ్మ డెబ్బై కిలోలకి దగ్గర పడిందని తెలిసిన రోజున, ఆవిడ గౌను అంచులో రెండు బిళ్లలు చేరాయి. తర్వాత ఇంకో నాలుగు. పంతులమ్మ తగ్గినకొద్దీ గౌను పెరిగింది. పోయిన బుధవారానికే ఇరవై అయ్యాయి.

తప్పని కర్టెన్లమ్మకి తెలుసు. తెలిసే కుట్టింది.

కానీ ఈ వేళ సెంటరు మేడం వస్తూనే పంతులమ్మ చీటీ చూసి పెదవి విరిచింది. ఆరువారాలుగా అంకె కదలడం లేదట, కంపెనీకి ఏం జవాబు చెప్పాలట. ఇవాళ కూడా డెబ్బైకి రాకపోతే రేపటినుంచి తిండి పూర్తిగా మానిపించేస్తానంది.

“మూడు పూటలా పొడి కలిపిన నీళ్లే. అంతే” అంది.

పంతులమ్మ బుద్ధిగా తలాడించి, వారం వారం ఇచ్చే కిలో పొడి ప్యాకెట్టు కోసం లైన్లో నిలబడింది. వెనకనుంచి చూస్తే ఆవిడ మెడ సన్నగా, పుల్లలా కనిపించింది. నేను మాట్లాడుకోడానికి ఈ మనిషిని పస్తులు పెడుతున్నానా అనుకుంది కర్టెన్లమ్మ. పోతే పోనీ, ఎక్కడో ఓ చోట కడుపునిండా తిని సుఖంగా ఉండనీ అనుకుంది.

బట్టలు మార్చుకునే గదిలోకి గబగబా వెళ్లి, పంతులమ్మ గౌను ఒళ్లో వేసుకుని, చిన్న కత్తెరతో అంచు కుట్లు తెగ్గొట్టింది. కళ్లలో నీళ్లు అడ్డం వచ్చి రెండుసార్లు వేలు తెగింది. ఇరవై బిళ్లలూ సంచిలో పడేసి, గౌను కొక్కేనికి తగిలించి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి కూర్చుంది.

కాసేపటికి పంతులమ్మ గౌను వేసుకుని వచ్చింది. ఎందుకో మెల్లగా, కాస్త పక్కకి ఒరిగి నడుస్తోంది. మోకాలు సలుపుతోంది కాబోలు. మిషను ఎక్కింది. కర్టెన్లమ్మ చప్పట్లకి రెండు చేతులూ దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకుంది.

“డెబ్బై పాయింట్ ఆరు” అంది మేడం.

కర్టెన్లమ్మ కళ్లు తెరిచింది. చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. మేడం మిషన్ని తట్టింది, జరిపింది, తనే ఎక్కి చూసుకుని మొహం చిట్లించి దిగింది. పంతులమ్మని మళ్లీ ఎక్కించింది. అదే అంకె. పొడి నీళ్ల చీటీ రాసి చేతిలో పెట్టింది.

కిలో సీసం తీసేస్తే గ్రాము కూడా తగ్గకపోవడమేమిటి? మనిషికి లోపల ఏదైనా జబ్బు చేసిందేమో. వెంటనే చెప్పేయాలి, ఎంత తిట్టినా సరే అనుకుని కర్టెన్లమ్మ గదిలోకి పరుగెత్తింది. పంతులమ్మ గోడవైపు తిరిగి, గౌను లోపల చేతులు పెట్టి ఏదో పెనుగులాడుతోంది.

“వదినా, నీకో మాట చెప్పాలి. నేను చాలా పాపం చేశాను.”

“అది తర్వాత చెబుదువుగాని, ముందు ఈ ముడి విప్పు. బిగుసుకుపోయింది.”

కర్టెన్లమ్మ గౌను కిందనుంచి తువ్వాలు ముడి లాగింది. పంతులమ్మ నడుం మీదనుంచి, సీలు కూడా విప్పని కిలో పొడి ప్యాకెట్టు దబ్బున నేలమీద పడింది.

“ఇరవై యాభైలు వెయ్యి, ఆ మాత్రం లెక్క నాకు రాదా వదినా” అంది పంతులమ్మ నడుం రుద్దుకుంటూ, “ఇంకోసారి బిళ్లలు తీసేటప్పుడు మాత్రం ముందుగా ఓ మాట చెప్పు.”