ఇసక తగిలేదాకా

"మళ్ళీ దిగింది." ప్రత్యూష లెవెల్ మెషీన్‌లోంచి కన్ను తీసింది. "పన్నెండు మిల్లీమీటర్లు."

"రెండోది కూడానా మేడమ్?" కొలబద్ద పట్టుకున్న నాగబాబు అడిగాడు.

కూచిపూడి అవతల, మురుగుకాలవ గట్టున పాతిన బెంచ్‌మార్క్ స్తంభం అది. కాలవ వాలు మొత్తం దాన్నుంచే కొలవాలి. అదే కదిలిపోతుంటే ఇంక కొలతలేం ఉంటాయి?

మూడోది కూడా కదిలితే ఆమెను ఈ పనిలోంచి తప్పిస్తామని విజయవాడ ఆఫీసు చెప్పేసింది.

"ఈసారి కాంక్రీటు రెట్టింపు పోయిద్దాం," అంది.

"బరువు పెంచితే లాభం లేదు మేడమ్ గారూ."

ఇద్దరూ తిరిగి చూశారు. గట్టు మీద గేదెలు మేపుకునే ముసలాయన.

"ఈ నల్లమట్టి ఎండకి కుంగుద్ది, వానకి ఉబ్బుద్ది. ఇసక తగిలేదాకా ఇనప గొట్టం దించాలండి. మట్టి దాన్ని పట్టుకోకుండా బయట ఇంకో గొట్టం తొడగాలి."

"ఏం చదివారు మీరు?"

"ఐదో తరగతండి."

"నేను ఎంటెక్. ముందు మీ గేదెల్ని చూసుకోండి, చేలో పడ్డాయి."

నాగబాబు నవ్వాడు. ముసలాయనా నవ్వాడు.

"అవి నా మాట వింటాయి లెండి."

మర్నాడు మళ్ళీ వచ్చాడు. "ఇసక ఎక్కడ తక్కువ లోతులో ఉందో చూపిస్తా, రండమ్మా."

"నాగబాబూ, ఈయన్ని ఇటు రానీకు."

తర్వాత ఆయన రాలేదు.

రెట్టింపు కాంక్రీటుతో మూడో స్తంభం కట్టారు. ఎందుకైనా మంచిదని ప్రత్యూష డిజైన్ విభాగానికి సలహా అడుగుతూ మెయిల్ పెట్టింది. జవాబు లేదు. రెండుసార్లు గుర్తు చేసింది. లేదు.

ఈలోగా వానలు పడ్డాయి.

ఈసారి స్తంభం దిగలేదు. తొమ్మిది మిల్లీమీటర్లు పైకి లేచింది.

ప్రత్యూష మెషీన్ అక్కడే వదిలేసి, గట్టు చివర దుర్గ టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూలబడింది.

"ఆ గేదెలాయన కనబడట్లేదేంటి?" అని దుర్గని అడిగింది.

"మరియదాసు గారా? పోయిన మంగళవారం కాలం చేశారండి. గుండెపోటు. గేదెల్ని కూతురు తోలుకెళ్ళింది."

ప్రత్యూష వెనకే వచ్చిన నాగబాబు వైపు తిరిగింది.

"నాగబాబూ, ఇసక ఎక్కడని చెప్పాడో నువ్వన్నా విన్నావా?"

"మీరే కదా మేడమ్ రానీయొద్దన్నారు."

అప్పుడొచ్చింది డిజైన్ విభాగం జవాబు, ఒకే ఒక్క వాక్యం: "ఆ నేలలో కదలని బెంచ్‌మార్క్ వేయడం మా అందరికీ నేర్పిన సర్వేలో కొలబద్ద పట్టిన పాత ఖలాసీ మరియదాసు గారు మీ పక్క ఊళ్ళోనే ఉంటారు, ముందు ఆయన్ని అడగండి."