తిరగబడ్డ వరుస

"ఒకసారి చూడండి మేడం" అని అటెండరు బాషా స్లైడు మీద నీటిచుక్క వేశాడు. చీకటిపడ్డాక కాలేజీ ల్యాబులో వాళ్ళిద్దరే ఉన్నారు.

సమీరా మైక్రోస్కోపులోకి వంగింది. పారమీషియం అనే ఏకకణజీవి ఒకటి వంకరగా ఈదుతోంది. దాని ఒంటిమీది నూగులో ఒక వరుస వెనక్కి తిరిగి ఉంది.

రెండేళ్ళ కిందట ఒక్క కణం మీద గాజుసూదితో ఆ వరుసను తిప్పింది తనే. జన్యువులు మారలేదు. అయినా దాని సంతానమంతా ఆ వంకరతోనే పుట్టింది. చివరికి విసిగిపోయి, వాటన్నిటినీ మరిగించి చంపెయ్యమని బాషాకి చెప్పింది.

"చంపమంటే ఏం చేశావ్?"

"ప్రాణమున్నవి కదా మేడం. మన మంచినీళ్ళ చెరువులో వదిలేశా."

"మరి ఈ చుక్క ఏ సీసాలోది?"

బాషా ఆమె బల్ల వైపు చూశాడు.

"సీసాలోది కాదు మేడం. మీరు ఇందాక సగం తాగిపెట్టిన గ్లాసులోది."