రెండు తేదీల పలక

మదర్స్ డేకి ఏం కావాలని కొడుకు అడిగితే లక్ష్మీదేవమ్మ చీర అడగలేదు, గాజులు అడగలేదు.

"మీ పిన్నిని పిల్చుకొని రా," అంది.

కొండ మీది కోతిని తెమ్మన్నట్టయింది శ్రీకాంత్‌కు. పిన్ని శ్రీశైలమ్మ ఉండేది వెలిగండ్లలో. తల్లి పోయేనాటికి ఆమెకు మూడేళ్లు. పదకొండేళ్ల లక్ష్మీదేవమ్మే నీళ్లు పోసి, జడలు వేసి, ముద్దలు కలిపి పెట్టి పెంచింది. అలాంటి చెల్లెలు ఆరేళ్లుగా అక్క ముఖం చూడలేదు. శ్రీకాంత్ పెళ్లిలో పప్పు వండింది శ్రీశైలమ్మ. "ఉప్పెక్కువైందే," అని లక్ష్మీదేవమ్మ నలభై మంది ముందు అనేసింది. అంతే.

"నువ్వు సచ్చినాకనే నీ గడప తొక్కేది," అని ఒట్టు పెట్టుకుని శ్రీశైలమ్మ ఆ పూటే బస్సెక్కింది.

శ్రీకాంత్ మూడుసార్లు వెలిగండ్ల వెళ్లాడు. మూడుసార్లూ పిన్ని కడుపునిండా అన్నం పెట్టింది, అక్క బీపీ గురించి గుచ్చి గుచ్చి అడిగింది, చివరికి తల అడ్డంగా ఊపింది.

"అంతమందిలో అన్న మాట నాయనా. ఇప్పుడు తప్పితే నగుబాటు గదా," అంది.

ఇక చేసేది లేక శ్రీకాంత్ తనకు వచ్చిన పనే చేశాడు. అతను రోజూ బేస్తవారిపేట నుంచి మార్కాపురం వెళ్లి పలకల కార్ఖానాలో రాళ్ల మీద అక్షరాలు చెక్కుతాడు. నల్లటి పలక ఒకటి ఏరి, వారం రోజులు కూర్చుని అమ్మ పేరు చెక్కాడు. పైన అమ్మ ఫోటో అతికించాడు. కింద ఎడమవైపు అమ్మ పుట్టినరోజు, కుడివైపు మదర్స్ డే తేదీ. మధ్యలో బోసిగా ఉందని ఒక గీత పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే పలకను ముందుగదిలో కుర్చీ మీద నిలబెట్టాడు. భార్య వెన్నెల తన చేత్తో మల్లెపూల దండ కట్టి వేసింది. దోమలున్నాయని పక్కన రెండు అగరుబత్తులు కూడా వెలిగించింది. శ్రీకాంత్ ఫోటో తీసి, "అమ్మా, నీ రుణం తీర్చుకోలేను" అని రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, స్నానానికి పోయాడు.

ఎనిమిదిన్నరకు టెంట్ హౌస్ అబ్దుల్ గఫార్ ట్రాలీ ఆటోలో దిగాడు. యాభై కుర్చీలు, షామియానా, శవానికి ఐస్ పెట్టె. అరుగు మీద గోంగూర వలుస్తున్న లక్ష్మీదేవమ్మను చూసి ఆగిపోయాడు.

"అక్కా, నువ్వేంది ఇక్కడ?"

"నా ఇల్లు గదా గఫారూ. యాడుండమంటావు?"

గఫార్ తలుపులోంచి పలకను చూశాడు. ఆమెను చూశాడు. ఐస్ పెట్టెను చూశాడు.

"దింపేసినాం గదా, సాయంత్రందాకా ఉండనీలే," అన్నాడు.

ఎండలు మండిపోతున్నాయని వెన్నెల అందులో మంచినీళ్ల సీసాలు పెట్టింది.

తర్వాత జనం. లక్ష్మీదేవమ్మకు వరసకు పెదనాన్న అయ్యే కాటమరాజు గులాబీల దండతో వచ్చాడు. సంగతి తెలిసి చిన్నబుచ్చుకున్నాడు. "రెండు బస్సులు మారి వచ్చినా తల్లీ. వేసే పోతా," అని దండను పలకకు వేసి, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. లక్ష్మీదేవమ్మ కూడా మర్యాదకు లేచి పక్కన నిలబడింది.

"ఆ గీత ఎందుకు పెట్టినావురా?" అంది కొడుకుతో.

"అందానికమ్మా. ఇప్పుడే స్టేటస్ తీసేస్తా."

"ఆగు. మీ పిన్ని చూసిందేమో చూడు."

చూసింది. తొమ్మిదికే చూసింది.

లక్ష్మీదేవమ్మ గోంగూర పక్కన పెట్టేసింది. "తీయొద్దురా," అంది. వస్తుందా, లేక చచ్చినా రాదా? చచ్చినా రాకపోతే ఇక బతికి ఏం లాభం అనిపించింది ఆమెకు.

పన్నెండున్నరకు సందు మొదట్లోనే ఏడుపు వినిపించింది. శ్రీశైలమ్మ ఆటో దిగి, పెద్ద సంచి ఒకటి చంకలో ఇరికించుకుని, అరుగు మీదున్న అక్కను దాటుకుని, గడప తొక్కి, పలక ముందు కూలబడింది.

"నన్ను పెంచిన తల్లివి గదే! ఉప్పెక్కువైందని ఇంకోసారి అననీకన్నా ఉండకూడదా?" అని రాగం తీసింది.

లక్ష్మీదేవమ్మ కళ్లు తుడుచుకుంటూ నీళ్లు తెచ్చి ఇచ్చింది. శ్రీశైలమ్మ సగం తాగి, గ్లాసు ఆమె చేతికే ఇచ్చి, ఏడుపు మళ్లీ అందుకుంది.

"ఒసే, నేను బతికే ఉండానే," అంది లక్ష్మీదేవమ్మ.

శ్రీశైలమ్మ తలెత్తి చూసింది. నోరు వెళ్లబెట్టింది. వెంటనే సంచి సర్దుకుని లేచింది.

"అయితే ఇది మోసం. నేను పోతాండా."

"తొక్కినాక ఇంకేం పోతావు? ఒట్టు తీరిపాయె. కూచో."

"నేను కావాలని తొక్కలే. నువ్వు పోయినావనే వచ్చినా. అందరూ చూసినారు."

"చూసినాంలే అమ్మా," అని కాటమరాజు సాక్ష్యం చెప్పాడు.

"ఆ, అట్ల చెప్పు," అని శ్రీశైలమ్మ కూర్చుంది.

అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని ఆరేళ్ల ఏడుపు ఒక్కసారే ఏడ్చారు. శ్రీకాంత్ కూడా ఏడ్చాడు. అంత తెలివితక్కువ పని చేసి అంత మంచిపేరు తెచ్చుకోవడం అతనికి ఇదే మొదలు.

వెన్నెల సంచి అందుకోబోతే శ్రీశైలమ్మ చటుక్కున లాక్కుంది.

"బట్టలు. పదకొండు దినాలుండాలని తెచ్చుకున్నా," అంది.

ఆమె కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాక, లోపల పెడదామని వెన్నెల సంచి ఎత్తింది. అడుగున వెచ్చగా తగిలితే విప్పి చూసింది.

అందులో బట్టలు లేవు, హాట్‌బాక్సు నిండా వేడి వేడి పూర్ణం ఓళిగలున్నాయి, మూత మీద అతికించిన కాగితంలో శ్రీశైలమ్మ చేతిరాత ఉంది: "అక్కకు, మదర్స్ డేకి నా చేత్తో చేసినవి; వీటిల్లో ఉప్పు వేయలే."