ముప్పై ఒకటో నంబరు

"ముప్పై ఒకటికి ఇంకో రెండేళ్ళు. జీతం ఉన్నదే. పైన ఇంకో నాలుగు శాతం వాటా," అని చదివి లోర్నా కళ్ళజోడు తీసేసింది.

"బంగారంలా ఉంది," అన్నాడు గస్.

వెండెల్ కోస్కికి ఒళ్ళు మండింది.

సాయంత్రం ఐదింటికల్లా ఆటగాళ్ళ జాబితా లీగ్ ఆఫీసుకు చేరాలి. ఇప్పటికే నాలుగు దాటింది. మిగతా ఇరవై ఇద్దరి సంగతి గంటలో తేల్చేశారు. పదిహేడు బద్ధకస్తుడన్నారు, కొట్టేశారు. నాలుగు తాగి వస్తున్నాడన్నారు, కొట్టేశారు. ముప్పై ఒకటి దగ్గరికి వచ్చేసరికి అందరి నోళ్ళకూ తేనె పూసినట్టయింది.

మిన్నెసోటా ఉత్తరాన సరస్సు ఒడ్డు ఊరు. మంచు మీద హాకీ ఆడే జట్టు. వాటాదారులు నలుగురూ మైదానం పైన ఉన్న గదిలో కూర్చున్నారు. జున్ను ఫ్యాక్టరీ లోర్నా అధ్యక్షురాలు. కార్లమ్మే గస్, పళ్ళ డాక్టర్ ప్రూయిట్ ఆమెకు చెరో పక్క. తలుపు దగ్గరి కుర్చీలో ఎడమ కాలు బారజాపుకుని వెండెల్. వేసవిలో పడవ మోటార్లు బాగుచేసే చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు. నలుగురిలో అతి చిన్న వాటా అతనిదే.

ఆ గదిలో ఆటగాళ్ళ పేర్లు ఎత్తకూడదు. నంబరే. పేరు ఎత్తితే పెళ్ళాంబిడ్డలు గుర్తొస్తారు, ఆట గుర్తుండదు అనేవాడు జట్టు పెట్టిన లోర్నా తండ్రి. ఒకణ్ణి తీసేయమని అడిగినవాడే, తీసేశామన్న ఉత్తరం పట్టుకెళ్ళి వాడి అల్మరాలో పెట్టాలన్నది ఆయన పెట్టిన రెండో నియమం. పెద్దాయన పోయి పదేళ్ళైనా ఈ రెండూ ఎవరూ మీరలేదు.

"శనివారం ఆరు గోల్స్ వదిలాడు ముప్పై ఒకటి," అన్నాడు వెండెల్. "నాలుగు ఎడమ పక్క కిందనుంచే. చూశారా, కళ్ళు మూసుకున్నారా?"

"ముందున్నవాళ్ళు అడ్డుకోలేదు కదా," అన్నాడు ప్రూయిట్, కాఫీ కప్పులోకి చూస్తూ.

"వాళ్ళ తప్పేం లేదు డాక్టరుగారూ. మన గోల్‌కీపరు కిందికి వాలితే లేవలేకపోతున్నాడు. తుంటి పోయింది. అందరికీ తెలిసిపోయింది. అందరూ అటే కొడుతున్నారు."

"పన్నెండేళ్ళు మన గోల్ కాశాడయ్యా," అంది లోర్నా. "రెండు కప్పులు తెచ్చాడు."

"ఆ కప్పులు బీరువాలోనే ఉన్నాయిగా. పట్టుకెళ్ళి గోల్ ముందు నిలబెట్టండి."

గస్ నవ్వబోయి మానేశాడు. "అతను లేకపోతే పోస్టరు మీద ఎవరి బొమ్మ వేస్తాం? నీదీ నాదీనా? అందుకే వాటా ఇస్తున్నాం. జట్టు తనదనుకుంటే ప్రాణం పెట్టి ఆడతాడు."

"ప్రాణం పెడతాడు, సరే. తుంటి ఎక్కణ్ణుంచి తెచ్చి పెడతాడు?"

కింద మంచును నున్నగా చేసే బండి గుడగుడమంటూ తిరుగుతోంది.

"మూడేళ్ళ కింద జీతం పెంచలేక వాటా ఇచ్చారు," అన్నాడు వెండెల్. "అక్కడే వచ్చింది తంటా. ఒట్టి ఆటగాడైతే ఈపాటికి వెళ్ళిపొమ్మనేవాళ్ళు. వాటా ఉన్నవాడనేసరికి మీ నోరు పెగలట్లేదు. ఈసారీ అట్టడుగున ఉంటే లీగ్ మన జట్టునే తీసేస్తుంది. అప్పుడు ఆ నాలుగు శాతం దేంట్లో వాటా? ఖాళీ కుర్చీల్లోనా?"

ఒక్కరూ అతని మొహం చూడరు. అదే అతనికి మరీ మంట. గోడతో మాట్లాడుతున్నట్టుంది.

లోర్నా ఏలకుల రొట్టె పళ్ళెం అతని వైపు జరిపింది. ఈ సమావేశాలకు ఎప్పుడూ బిస్కెట్లే పెడుతుంది. ఇవాళ తనే చేసి తెచ్చింది.

"ముందు ఒక ముక్క తిను."

"రొట్టె వద్దు. ఓటు కావాలి. ముప్పై ఒకటిని తీసేయమని నేను అడుగుతున్నా. రాసుకోండి."

"ఒరే వెండెల్," అన్నాడు గస్ బతిమాలుతున్నట్టు. "బుర్ర చల్లబడ్డాక వచ్చే వారం చూద్దాంరా."

"జాబితా ఐదింటికి పోవాలి. వచ్చే వారం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

లోర్నా కలం మూత తీసి మళ్ళీ పెట్టేసింది. "ఇందులో నువ్వు ఓటెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు."

"వాటా ఉంది. వేస్తా."

మూడు చేతులు లేవాలి. వెండెల్ చెయ్యి ముందు లేచింది. ప్రూయిట్ రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకున్నాడు. గస్ కిటికీలోంచి కిందికి, ఖాళీ గోల్ వైపు చూశాడు.

"ఎంత మొండిఘటానివిరా," అని గొణిగి చెయ్యెత్తాడు.

లోర్నా చెయ్యి ఆఖర్న లేచింది. భుజం దాటలేదు.

ఉత్తరం రెండు వాక్యాలు. కింద లోర్నా సంతకం వంకర పోయింది. "ఇటివ్వండి, నేను పెట్టొస్తా," అన్నాడు గస్.

"అడిగినవాడే తీసుకెళ్ళాలి," అని వెండెల్ కాగితం లాక్కున్నాడు. "మరి ఇంతసేపు ఎందుకు నసిగారు అందరూ?"

రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేచాడు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. కింద ఆటగాళ్ళ గదిలో ఎవరూ లేరు. తడి తోలు వాసన.

ముప్పై ఒకటి అని రాసి ఉన్న అల్మరాను తన జేబులోని తాళంచెవితో తెరిచి, ఉత్తరం అరలో పెట్టి, తన స్కేట్లు బయటికి తీసుకున్నాడు.