నుదుటి ముడి

అమ్మ పోయినప్పటి నుంచి అక్క నుదుటి మీద అచ్చం అమ్మ చిరాకుముడే పడుతోంది. చూసుకోలేక, చర్మం డాక్టరైన చెల్లెలి దగ్గరే బొటాక్స్ చేయించుకుంది.

"ఓసారి కనుబొమలు ముడెయ్యి," అని చెల్లెలు ముడి మీద పెన్నుతో చుక్కలు పెట్టుకుని సన్నని సూదితో గుచ్చింది. "ఈ పూట రుద్దకక్కా. మందు కిందికి జారితే రెప్ప వాలిపోతుంది."

రెండు వారాలకి నుదురు నున్నబడింది. ఒక రాత్రి ఇంట్లో ఒక్కతే మొహం కడుక్కుని అద్దం చూస్తే, అందులో ముడి కనిపించింది. వేళ్లతో తడిమితే నుదురు నున్నగానే ఉంది. కొళాయి కట్టేసింది. ఇల్లంతా చప్పుడు లేదు. భయం వేయాల్సింది, వేయలేదు. చెల్లెలికి ఫోన్ చేసింది.

"మందు సరిగ్గానే ఇచ్చావటే? అద్దంలో ముడి అలాగే ఉంది."



"నీ అద్దంలో కూడానా అక్కా?"